చేయి కదపని తొమ్మిది రోజులు

జనవరి పందొమ్మిది, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. పొగమంచు ఎనిమిదిన్నరకే విడిపోయింది. ఆకాశంలో మేఘం లేదు. ఈశాన్యం నుంచి సన్నటి గాలి. నీడలో ఉష్ణోగ్రత ఇరవై నాలుగు డిగ్రీలు. ఇవి నా జ్ఞాపకాలు కావు. ఆ సమయంలో నేను అక్కడ లేను. సృజన స్తంభన నివారణ కేంద్రం వారి మూడవ నమూనా ఫారంలో మొదటి రెండు గడులు సమయానికీ వాతావరణానికీ కేటాయించారు. మబ్బు పట్టిన రోజున కళాకారుడు దిగులుగా కనిపిస్తే, ఆ దిగులు అతనిదా మబ్బుదా అన్న సందేహం రాకూడదని మా సలహా సంఘం ముందుచూపుతో చేసిన ఏర్పాటు అది. ఆ రోజు మబ్బు లేదు. కాబట్టి తర్వాత జరిగినదాన్ని వాతావరణం మీదికి నెట్టే వీలు లేకపోయింది.

ఫారం నింపినది డాక్టర్ తన్మయి, కేంద్రంలో ఉపశమన నిపుణురాలు, వయసు ఇరవై ఎనిమిది. చోటు రాజధానికి ఎనభై మూడు కిలోమీటర్ల దూరంలోని తంగెడుకుంట. ఆమె ఎదుట నేలమీద కూర్చున్న మనిషి చిత్తారి సాంబయ్య, వయసు అరవై ఒకటి. కథలు చెప్పేవాళ్లు ఊరూరా మోసుకువెళ్లి, చుట్ట విప్పుతూ బొమ్మ బొమ్మకూ కథ చెప్పే పటాలను గీయడం అతని వృత్తి. వసారా మూడు గోడల వెంట ముప్పై ఎనిమిది మూరల పటం వేలాడుతోంది. ఎర్రటి నేల మీద రాజులు, కోడళ్లు, గుర్రాలు, తలారులు, అందరూ నగలతో సహా పూర్తయ్యారు. ఎవరికీ కళ్లు లేవు.

"ఏం చేస్తున్నారు అంకుల్?" అని తన్మయి అడిగింది.

"కూసున్న బిడ్డా."

"ఎప్పట్నుంచి?"

"ఇయ్యాలటికి నాలుగో దినం."

"పని ఎందుకు ఆపేశారు?"

"ఆపలే. కండ్లున్నయి గద ఇంక."

"మరి వేయడం లేదు కదా?"

"కూసున్న గద."

కొబ్బరి చిప్పలో రంగు నూరుతున్న కూతురు పోషవ్వ తల ఎత్తింది. "మా నాయిన పనిల ఉన్నడమ్మా. జర మాట్లాడియ్యకు."

తన్మయి కుంచెను వేలితో తాకి చూసింది. ఆరవ గడిలో ఆమె ఇలా రాసింది: "కుంచె పొడిగా ఉంది. తన నిష్క్రియతను రోగి పనిగా భావిస్తున్నాడు. కుటుంబం ఆ భావనను సమర్థిస్తోంది."

ఫారంలో ఒక్క అబద్ధం లేదు. తన్మయికి తెలియనిదీ, నేను పదిహేడు రోజులు ఆలస్యంగా తెలుసుకున్నదీ ఇక్కడే చెప్పడం న్యాయం. ఆ ఇంట్లో నాలుగు తరాలుగా ఒక పద్ధతి ఉంది. బొమ్మలన్నీ అయ్యాక, పటం గీసే చిత్తారి కుంచె కింద పెడతాడు. తొమ్మిది పగళ్లు పటం ముందు కూర్చుంటాడు. ఎవరు ఎవరి వైపు చూడాలో ఆ తొమ్మిది రోజుల్లో తేలుతుంది. పదో రోజు ఉదయం ఒక్క కూర్చోవడంలో కళ్లన్నీ తెరుస్తాడు. మధ్యలో పటం కంటికి మరుగైతే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

పటం గీయించుకుంటున్నది కథకుడు ఎల్లేశం వంశం. పాత పటం చిరిగిపోవడంతో కార్తీకంలో దాన్ని శాస్త్రోక్తంగా నదిలో వదిలారు. అలా వదిలితే తప్ప కొత్తది మొదలుపెట్టకూడదు. మాఘ పున్నమి మర్నాడు, అంటే ఆ ఏడు ఫిబ్రవరి పదిహేడున, కళ్లు తెరిచిన పటం ముందు వాళ్లు కథ ఎత్తుకోవాలి. ఆ రోజు తప్పితే పదకొండు ఊళ్లలో కథ చెప్పే హక్కు మరో వంశానికి పోతుంది. సాంబయ్య ఇంటివారు ఎల్లేశం వంశానికి తప్ప ఎవరికీ గీయరు. అందువల్ల ఒకరి హక్కు పోతే మరొకరి కుంచె కూడా పోతుంది.

ఇక తన్మయి అక్కడికి వెళ్లిన కారణానికి వస్తాను. అది అంతకు ముందరి ఆగస్టులో ఉంది.

లోకంలో క్రియేటివ్ బ్లాక్ అంటున్నదాన్ని మా రాష్ట్ర సాంస్కృతిక పునరుజ్జీవన మండలి సృజన స్తంభన అని అనువదించి, దాని నివారణకు ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. ముప్పై గదులు, ఒక ధ్యానమందిరం, శబ్దం బయటికి రాని ఒక ఏడుపు గది. ఏడాదికి మూడు వందల మందిని స్తంభన నుంచి విముక్తులను చేయాలన్నది లక్ష్యం. మొదటి నాలుగు నెలల్లో వచ్చినవారు ఒక్కరు. ఆయన కూడా పక్క భవనంలో ఉన్న పళ్ల ఆసుపత్రి అనుకుని వచ్చాడు.

డిసెంబరులో సలహా సంఘం సమావేశమైంది. తర్కశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి నన్ను అనధికార సభ్యురాలిగా వేసుకున్నారు. కేంద్రం సంచాలకులు కందాళ చక్రపాణిగారు లేచి నిలబడి ఇలా అన్నారు:

"గౌరవ సభ్యులకు మనవి. స్తంభించినవారు లేకపోవడం మన సమస్య కాదు. స్తంభించామన్న స్పృహ వారికి కొరవడటమే సమస్య. రోగి మన వద్దకు వచ్చే దశ నుంచి, మనమే రోగి వద్దకు వెళ్లే దశకు కేంద్రం పరిణతి చెందవలసి ఉన్నది."

"వెళ్లి ఎవరిని రోగి అనాలి?" అని అడిగాను. "నిర్వచనం లేదు కదా."

"అమ్మగారు శాస్త్రీయమైన లోటును ఎత్తిచూపారు. ఆ లోటును వారే పూరించగలరని సభ ఆశించుచున్నది."

కార్యక్రమ పత్రం వెనక్కి తిప్పి, పెన్సిలుతో ఒక వాక్యం రాసి చదివాను. "పనిముట్లు చేతికందే దూరంలో ఉండి, పని అసంపూర్తిగా ఉండి, శారీరక అనారోగ్యం ఏదీ లేకుండా, వరసగా మూడు రోజులకు మించి పనిలో చేయి కదపని కళాకారుడు స్తంభితుడు." సభ్యులు బల్లలు చరిచారు. నలభై ఏళ్ల బోధనలో నా నిర్వచనానికి ఎవరూ బల్ల చరచలేదు. దాన్ని రెండోసారి చదివి చూసుకోకపోవడానికి అదే కారణమని ఇప్పుడు అనుకుంటున్నాను.

జనవరి ఇరవై ఒకటిన కేంద్రం జీపు తంగెడుకుంట వచ్చింది. సాంబయ్య కోసం కాదు, పటం కోసం. అసంపూర్తిగా ఉన్న పని రోగానికి నిదర్శనం. నిదర్శనాన్ని రోగి కళ్లెదుట ఉంచితే రోగం ముదురుతుందని ఐదవ నియమం. పటాన్ని చుట్ట చుట్టి పోషవ్వ చేతికి రసీదు ఇచ్చారు. అందులో "రోగ నిదర్శనం, గుడ్డ, ఒకటి" అని ఉంది.

"గుడ్డ అంటరేంది? మూడు నెలల రంగులున్నయి దాని మీద," అంది పోషవ్వ.

"గుడ్డ మీద ఉన్నవన్నీ గుడ్డలోకే వస్తాయమ్మా," అన్నాడు డ్రైవరు. అతనికీ నియమాలు తెలుసు.

సాంబయ్య లేచాడు. భుజాన తువ్వాలు వేసుకుని జీపు ఎక్కాడు. కూతురు చెయ్యి పట్టుకుంటే ఒక్కటే అన్నాడు: "అది ఏడికి వోతె నేను గాడికి."

స్వచ్ఛందంగా చేరిన తొలి రోగి అని ఆ సాయంత్రమే ప్రకటన వెలువడింది. అప్పటికి అతను పటం ముందు కూర్చుని ఆరో రోజు. పటాన్ని రికార్డుల గదిలో ఏడో నంబరు బీరువాలో పెట్టి తాళం వేశారు. లెక్క తెగింది.

చికిత్స నలభై అయిదు రోజులు. ఉదయం ఏడింటికి అద్దం ముందు చిరునవ్వు. తొమ్మిదింటికి గుండ్రంగా కూర్చుని మనసు విప్పడం. పదకొండింటికి మట్టి పిసకడం. దాంతో బొమ్మ చేయకూడదు, చేస్తే అది పని అవుతుంది. మూడింటికి ఏడుపు గది. ఏ రోగీ చికిత్సా కాలంలో తన వృత్తికి సంబంధించిన పనిముట్టు ముట్టరాదని ఆరవ నియమం. చేయి కదపనివారి రోగాన్ని చేయి కదపనివ్వకుండా నయం చేయడంలో ఉన్న వైరుధ్యాన్ని నేను గమనించాను. గమనించినట్లు జనవరి నెలాఖరు సమావేశంలో నమోదు కూడా చేయించాను. నమోదైంది.

తన్మయి రాసిన సంభాషణల ప్రతులు నా దగ్గర ఉన్నాయి. ఆ పిల్ల నిజాయితీగా, ఒక్క మాట వదలకుండా రాసేది.

"మీకు ఏదో అడ్డుపడుతోంది అంకుల్. అదేంటో మీ మాటల్లో చెప్పండి."

"బీరువ."

"అంటే?"

"ఏడో నంబరు బీరువ. ఇనుపది."

కింద ఆమె వ్యాఖ్య: "రోగి లోహపు అడ్డంకిని ఊహిస్తున్నాడు. దానికి సంఖ్య కూడా ఉంది."

మరో రోజు:

"చిన్నప్పుడు మీ నాన్నగారు తిట్టేవారా?"

"తిట్టేటోడు. ఒకపారి చెంప మీద గొట్టిండు."

"ఎందుకు?"

"తొమ్మిది దినాలు కూసోకుంట ఆరోనాడే కుంచె వట్టిన."

"ఆ మాటని మనసులోంచి వదిలేయగలరా?"

"అది వదిలేస్తె పటమెట్ల గీయాలె బిడ్డా?"

వ్యాఖ్య: "తండ్రి భయం. చాలా లోతుగా ఉంది. మరో పది విడతలు అవసరం."

ఇంతలో ముప్పై గదులకు రోగులు చాలలేదు. నా నిర్వచనానికి చిక్కేవాళ్లు చిక్కారు, మిగిలినవాళ్లు పని చేసుకుంటున్నారు. అప్పుడు చక్రపాణిగారు ఒక సవరణ తెచ్చారు. ఆగకుండా పని చేయడం కూడా, ఆగిపోతామేమోనన్న భయానికి లక్షణమే. అది అంతర్గత స్తంభన. ఆ వారంలోనే ఏటా రెండు పుస్తకాలు వేసే ఒక కవినీ, రోజూ తెల్లవారుజామున సాధన చేసే ఒక హార్మోనియం విద్వాంసుణ్ణీ తీసుకువచ్చారు. పని ఆపినవాడు మొదటి సూత్రం కింద, ఆపనివాడు రెండో సూత్రం కింద. తర్కరీత్యా మూడో రకం కళాకారుడు ఉండడు. గదులు నిండాయి.

నెలకొకసారి సభ్యులు కేంద్రాన్ని సందర్శించాలి. నా వంతు ఫిబ్రవరి అయిదు, శుక్రవారం. గేటు దగ్గర ఇద్దరు నా దారికి అడ్డంగా నిలబడ్డారు. ఒకామె చేతిలో గుడ్డ కట్టిన కొబ్బరి చిప్పలు. పక్కన తలపాగా చుట్టిన సన్నటి మనిషి. పోషవ్వ, ఎల్లేశం.

"సారువాళ్లు మా నాయినను జూడనిస్త లేరు. నువ్వన్న జెప్పు పెద్దమ్మా," అంది పోషవ్వ. "రోగం లేదాయనకు."

"లేదని ఎలా చెప్తున్నావమ్మా? నాలుగు రోజులు చేయి కదపలేదని ఉంది కదా ఫారంలో."

"చెయ్యి కదిపితె తప్పు. తొమ్మిది దినాలు కదపొద్దు."

ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. "కండ్లంటె గట్ల పెట్టేటియి కావమ్మా. ఎవలు ఎవలి దిక్కు జూస్తున్నరన్నదే కథ. మామ కోడలి దిక్కు జూసిండనుకో, నేను ఊర్ల నిలవడి ఏం జెప్పాలె? గా కథ వేరయితది. మా సాంబయ్య బావ కూసుంటనే ఉంటడు, ఒక్కొక్కనికి వాని చూపు వానికి తెల్వాలె."

"ఇంకా ఎన్ని రోజులు కూర్చోవాలి?"

"మొదటి సంది తొమ్మిది," అంది పోషవ్వ. "ఎల్లుండి కూసుంటెనే పదారునాడు కండ్లు తెరుస్తడు. ఆవలెల్లుండి అంటె అయిపోయినట్టే."

నేను లోపలికి వెళ్లి దస్త్రం తెరిచాను. మొదటి పుటలో ఎర్ర గీత కింద నా వాక్యం ఉంది. పనిముట్లు చేతికందే దూరంలో. పని అసంపూర్తి. అనారోగ్యం లేదు. మూడు రోజులకు మించి. ప్రతి పదం ఆ మనిషికి కొలిచి కుట్టినట్లు సరిపోయింది.

చక్రపాణిగారి గదికి వెళ్లి, అది రోగం కాదు పద్ధతి అని చెప్పాను.

"అమ్మగారి సానుభూతిని కేంద్రం గౌరవించుచున్నది. అయితే నిర్వచనంలో పద్ధతులకు మినహాయింపు లేదు. నిర్వచనం తమరిదే."

"సవరించండి."

"సంఘం మార్చిలో సమావేశమగును."

"ఫిబ్రవరి పదిహేడుతో వాళ్ల హక్కు పోతుంది."

"ఆ అంశం సానుకూలంగా పరిశీలించబడును. మార్చిలో."

ఇంటికి వచ్చి నియమావళి మొత్తం రెండుసార్లు చదివాను. తొమ్మిదవ నియమం దగ్గర ఆగాను. చికిత్స మధ్యలో రోగికి సామర్థ్య పరీక్ష పెట్టవచ్చు. పరీక్షలో పనిముట్టు ముట్టవచ్చు. పరీక్షకు ముందు, పరీక్షా సామగ్రితో రోగికి నిపుణురాలు తగినన్ని రోజుల పరిచయం కల్పించవచ్చు. పరీక్షను ఏ ఉపరితలం మీదనైనా నిర్వహించవచ్చు. డ్రాయింగు కాగితం సరఫరా ఆగిపోయిన నెలలో చేర్చిన వెసులుబాటు అది.

శనివారం ఉదయం తన్మయి ముందు నియమావళి తెరిచి పెట్టాను. ఆమె చదివింది. మళ్లీ చదివింది.

"అంటే పటం మీదే పరీక్ష పెట్టొచ్చు. ముందు తొమ్మిది రోజులు పరిచయం అని నేను రాయొచ్చు."

"రాయవచ్చు."

"డైరెక్టర్ సార్ ఒప్పుకుంటారా మేడమ్?"

"ఇంతవరకు ఒక్కరికీ పరీక్ష పెట్టలేదు కదా. వార్షిక నివేదికలో ఆ గడి ఖాళీగా ఉంది."

చక్రపాణిగారు పది నిమిషాల్లో సంతకం చేశారు.

ఫిబ్రవరి ఏడు ఆదివారం. సెలవు. రికార్డు గుమాస్తా మహమ్మద్ షరీఫ్ ఇంటి నుంచి వచ్చి తాళం తీశాడు. ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. బీరువాలోంచి పటం తీసి, దస్త్రాల అరల మీదుగా గది చుట్టూ వేలాడదీశాడు. సాంబయ్య నేలమీద కూర్చున్నాడు. తొమ్మిది రోజులు కూర్చున్నాడు. నేను రెండుసార్లు వెళ్లి చూశాను. అతను నా వైపు తిరగలేదు.

"ఇట్ల కూసునేటోణ్ణి నేను చూడలేదమ్మా," అన్నాడు షరీఫ్ మెల్లగా. "నేను ఇదే ఆఫీసుల, ఆ ముందు ఆఫీసుల కలిపి ముప్పై ఏండ్ల సంది కూసుంటున్న. నాకే సిగ్గయితుంది."

ఫిబ్రవరి పదహారు, ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు పరీక్ష మొదలైంది. పరీక్షా సామగ్రి తెచ్చిన మనిషిగా తన్మయి లోపలికి రానిచ్చిన కూతురు రంగు చిప్ప అందిస్తుండగా సాంబయ్య మొదటి బొమ్మ కళ్లు తెరిచాడు. తన్మయి గడియారం పట్టుకుని కుర్చీలో కూర్చుంది. గంట గడిచేసరికి ఆమె మూడుసార్లు కుర్చీ మార్చింది. ఎందుకని అడిగాను.

"వాళ్లు చూస్తున్నారు మేడమ్," అంది.

పదకొండు గంటల యాభై అయిదు నిమిషాలకు అతను కుంచె కడిగాడు. నూట నలభై రెండు బొమ్మలు, రెండు వందల ఎనభై మూడు కళ్లు. మామ నేలవైపు చూస్తున్నాడు. కోడలు గుర్రాన్ని చూస్తోంది. గుర్రం మాత్రం, నేను ఎక్కడ నిలబడినా, నన్ను చూస్తోంది.

పన్నెండున్నరకు చక్రపాణిగారు వచ్చి ఫలితాల పత్రం పరిశీలించారు.

"పరీక్షకు అనుమతించిన ప్రమాణం నలభై నిమిషాలు, ఒక బొమ్మ. ఈయన నూట తొంభై అయిదు నిమిషాలు విరామం లేకుండా వేసినట్లు నమోదైనది. పైగా కళ్ల సంఖ్య బేసిగా ఉన్నది. ఒక కన్ను లోపించినది."

"వాడు ఒంటికన్ను తలారి సారూ," అన్నాడు గుమ్మంలోంచి ఎల్లేశం. "వానికి ఒకటే ఉంటది. రెండోది వెట్టినమంటె దొంగ దొరుకుతడు, కథ ఆడనే అయిపోతది."

చక్రపాణిగారు ఆ వివరణను స్వీకరించి, పత్రం మీద తీర్పు రాశారు: "స్తంభన పూర్తిగా తొలగినది. తొలగిన వేగం దృష్ట్యా అనియంత్రిత సృజన అను నూతన స్థితి ఏర్పడినట్లు భావించబడుచున్నది. తొంభై రోజుల చికిత్స సిఫారసు చేయడమైనది."

సాంబయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నన్ను ఉంచుకో సారూ. పటం ఎల్లేశానికి ఇయ్యి. రేపే పోవాలె ఆయన."

"పటం అనకూడదు," అన్నారు చక్రపాణిగారు, కోపం లేకుండానే. "నిన్నటి వరకు అది నిదర్శనం. ఈ ఉదయం నుంచి అది పరీక్షలో రోగి ఇచ్చిన సమాధాన పత్రం. పద్నాలుగవ నియమం ప్రకారం సమాధాన పత్రాలు రోగి రహస్యాలు. పన్నెండేళ్లు భద్రపరచవలెను. ఈ గది దాటరాదు."

నేను పద్నాలుగవ నియమం చదవలేదని కాదు. చదివాను. సమాధాన పత్రం అంటే కాగితం అనుకున్నాను. ఏ ఉపరితలమైనా అన్న మాటను ముందు నియమంలో నేనే వాడుకుని, తర్వాతి నియమంలో మరిచిపోయాను. ఒక పదానికి మొదట ఇచ్చిన అర్థాన్ని చివరిదాకా మోయాలని విద్యార్థులకు నలభై ఏళ్లు చెప్పినదాన్ని.

పోషవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నా వైపు చూడకుండానే అంది: "తాళం దీపిచ్చినవ్. మళ్ల నువ్వే ఏపిచ్చినవ్ పెద్దమ్మా."

జవాబు చెప్పినవాడు షరీఫ్. అతను నియమావళులను చదవలేదు, ముప్పై ఏళ్లుగా మోశాడు.

"గది దాటొద్దన్నరు గానీ, గదిలకు రావొద్దనలేదు కదమ్మా. పదారో నియమం ఉంది. సంబంధం ఉన్నోళ్లు అర్జీ పెట్టుకుంటె రికార్డు చూడొచ్చు. పదిన్నర నుంచి అయిదు దాకా. గుమాస్తా ఎదురుంగ."

"ఎంతమంది చూడవచ్చు?" అని అడిగాను.

"లెక్క రాయలేదు."

"చూస్తూ మాట్లాడవచ్చా?"

"ఎవరూ అడగలేదు ఇప్పటిదాక."

అర్జీ షరీఫ్ రాశాడు, ఎల్లేశం వేలిముద్ర వేశాడు. ఈసారి నేను ఒక్క పదం కూడా సూచించలేదు.

ఫిబ్రవరి పదిహేడు ఉదయం పదిన్నరకు రెండు ట్రాలీ ఆటోల్లో పదకొండు ఊళ్ల పెద్దలు దిగారు, ఊరికి ఇద్దరు చొప్పున ఇరవై ఇద్దరు. సందర్శకుల పుస్తకంలో, వచ్చిన పని అన్న గడిలో, అందరూ "రికార్డు పరిశీలన" అని రాశారు. రాయలేనివారికి షరీఫ్ రాశాడు. రికార్డుల గదిలో దస్త్రాల మధ్య చాపలు పరిచారు. ఎల్లేశం కాళ్లకు గజ్జెలు కట్టుకున్నాడు. తంబురా శ్రుతి చూసుకున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు.

"ఆగు ఎల్లేశం. పటం ఊర్లకు రావాలె గానీ, ఊరోళ్లం పటం కాడికి వచ్చుడేంది? మా తాతల కాలం నాడు లేదు గిది. హక్కు నిలువది."

సాంబయ్యను నిపుణురాలి పర్యవేక్షణలో కూర్చోబెట్టారు. అతను తలెత్తలేదు.

ఎల్లేశం అడిగాడు: "పున్నమ తెల్లారి అయిందా, కాలేదా?"

"అయింది."

"పటం కండ్లు తెరిచిందా, లేదా?"

పెద్దమనిషి గది చుట్టూ చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. గుర్రం దగ్గర ఆగాడు.

"తెరిచింది," అన్నాడు.

"పదకొండూర్లు ఉన్నయా?"

"ఉన్నయి గానీ..."

"ఇంక గానీ ఏందే నర్సింలు మామా," అంది పోషవ్వ. "కాళ్లు నొయ్యకుంట బండెక్కి వచ్చినవ్. కూసో."

నలుగురు నవ్వారు. పెద్దమనిషి కూర్చున్నాడు. హక్కు నిలిచింది.

కథ మూడు రోజులు పట్టింది. సాయంత్రం అయిదింటికి ఆపి, మర్నాడు పదిన్నరకు మళ్లీ ఎత్తుకునేవారు. రెండో రోజుకు అంతర్గత స్తంభన కవి, హార్మోనియం విద్వాంసుడు కూడా అర్జీలు పెట్టుకున్నారు. విద్వాంసుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, గాలిలో వేళ్లు కదుపుతుంటే తన్మయి చూసింది. రాయలేదు. మూడో రోజు ఒంటికన్ను తలారి ఘట్టం దగ్గర సాంబయ్య నవ్వాడు. అది మాత్రం రాసింది: "రోగి నవ్వాడు. అద్దం లేకుండా."

కథ ముగిశాక, ఆతిథ్యం ఇచ్చిన ఇంటి యజమానికి కట్టే తలపాగాను ఎల్లేశం ఎవరికి కట్టాలా అని చుట్టూ చూసి, షరీఫ్‌కు కట్టాడు. చక్రపాణిగారి వార్షిక నివేదికలో ఈ ఘటన "పదకొండు గ్రామాల ప్రజలు స్వచ్ఛందంగా తరలివచ్చి కేంద్రం రికార్డులను మూడు దినములు ఆసక్తితో పరిశీలించిరి" అని నమోదైంది. ఇందులోనూ ఒక్క అబద్ధం లేదు.

సాంబయ్యను మే పదిహేడున పంపించారు. చేతికి ధ్రువపత్రం ఇచ్చారు: సృజన స్తంభన లేదు, అనియంత్రిత సృజన లేదు, ఆరోగ్యవంతుడు. అతను తంగెడుకుంట వెళ్లి వసారాలో కూర్చున్నాడు. ఎదుట గోడలు ఖాళీగా ఉన్నాయి. పాత పటం నదిలో కలిస్తే తప్ప కొత్తది మొదలుపెట్టకూడదు కదా. పాత పటం ఇప్పుడు ఏడో నంబరు బీరువాలో ఉంది. మార్చిలో సంఘం సమావేశమై నా నిర్వచనానికి మినహాయింపు చేర్చింది. అప్పటికి ఆ మినహాయింపు అవసరమైన మనిషి దగ్గర అసంపూర్తి పని ఏదీ లేదు. కొన్నాళ్లకు పోషవ్వ రంగు చిప్పలు కడిగి అటక మీద పెట్టిందని విన్నాను.

కేంద్రాన్ని అయిదో ఏట మూసివేశారు. భవనం పశువుల దాణా నాణ్యతా విభాగానికి వెళ్లింది. రికార్డులు బీరువాలతో సహా మూడు కార్యాలయాలు మారాయి. పదవీ విరమణ చేశాక కూడా షరీఫ్, బీరువా ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో, ఏటా మాఘ పున్నమి మర్నాడు వచ్చి గుమాస్తా పక్కన కూర్చునేవాడు. ఎల్లేశం అర్జీ పెట్టేవాడు, పదకొండు ఊళ్లూ వచ్చేవి.

పన్నెండేళ్లు నిండాక, పద్నాలుగవ నియమంలోని రెండవ పేరా అమలులోకి వచ్చింది. గడువు తీరిన సమాధాన పత్రాలను ఇద్దరు సాక్షుల సమక్షంలో నీటిలో నానబెట్టి ధ్వంసం చేయవలెనని అందులో ఉంది. ఏ నీరో చెప్పలేదు. కార్తీకంలో పటాన్ని నదిలో వదిలారు. ధ్వంస పత్రం మీద సాక్షులుగా ఎల్లేశం వేలిముద్ర, నా సంతకం ఉన్నాయి.

కొత్త పటం బొమ్మలు పోషవ్వ గీసింది. కళ్లు తండ్రికి వదిలింది. సాంబయ్యకు అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. జనవరి ఎనిమిది నుంచి పదహారు వరకు తొమ్మిది పగళ్లు అతను పటం ముందు చేయి కదపకుండా కూర్చున్నాడు. ఆ తొమ్మిది రోజులూ ఆకాశం నిర్మలంగా ఉంది. ఫారం పట్టుకుని ఎవరూ రాలేదు.